కండ్లు దిద్దిన ఆదివారం

మా వార్డు గోడలకు బొమ్మలు వేయిస్తున్నారు. నేను పనిచేసేది పిల్లల వార్డులో, నర్సుగా. సూదిని చూసి గుక్కపట్టి ఏడ్చే పిల్లలకు కాస్త మనసు మళ్లుతుందని పెద్ద డాక్టరమ్మ ఆలోచన. మొన్న పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఒక కుర్రాడు నిచ్చెన మీద నిలబడి ఉత్త గోడ మీద రెండు కండ్లు దిద్దుతున్నాడు. ముందు కండ్లు పెట్టుకుని, తర్వాత వాటి చుట్టూ జిరాఫీని గీస్తాడట. సరిగ్గా ఎదురు మంచం మీద ఐదేళ్ల పిల్ల కూర్చుని నోరు తెరుచుకుని చూస్తోంది. నేను పోయి ఆ మంచాన్ని పక్కకు లాగేశాను. ఎందుకు సిస్టర్ అని ఆయా అడిగితే గాలి రావట్లేదన్నాను. నాలుగేళ్లు నర్సింగు చదివాను, రోజూ డాక్టర్ల మధ్య తిరుగుతాను, అయినా ఆ మంచాన్ని అక్కడ ఉంచలేకపోయాను.

మాది దేవరకొండ అవతల గొర్లకాపరుల పల్లె. వంద గడప కూడా ఉండదు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను అయిదో తరగతి. బడి అంటే రెండు గదులు, ఒక వరండా, ఒక్క సారు. మా ఇంట్లో అవ్వ, అమ్మ, నాయిన, నేను, మూడేళ్ల తమ్ముడు. నాయిన ఇంట్లో ఉన్నట్టు లెక్కేగాని, వానకాలం వరి కోతలయ్యాయంటే మందను తోలుకుని హాలియా దిక్కు కాలువ కింది పొలాలకు పోయేవాడు. అక్కడి రైతుల మడుల్లో మందను పండబెడితే ఎరువు వాళ్లకు, మేత మాకు. మళ్లీ ఎండాకాలం నడుమ వచ్చేవాడు. అమ్మ పత్తి ఏరడానికి కూలికి పోయేది. నడవలేని గొర్రెపిల్లల్ని, మమ్మల్ని అవ్వకు వదిలేసేది. మా ఇద్దరికీ, వాటికీ అవ్వ పెద్ద తేడా చూపేది కాదు. అందరికీ ఒకటే కేక, ఒకటే చెయ్యి. ఆమె కొంగు ఎప్పుడూ పాలవాసన, గొర్రెబొచ్చు వాసన వేసేది. కొంగు చివర మగ్గిన సీతాఫలం ఒకటి మూటగట్టి ఉండేది, తమ్ముడి కోసం. నాకోసం కాదు. నేను అది దొంగిలించి తిని గింజలు పొయ్యి బూడిదలో పూడ్చిపెట్టేదాన్ని. అవ్వ బూడిద తీసేటప్పుడు గింజలు చూసేది, ఏమీ అనేది కాదు.

మా సారు హాలియా మనిషి, కాలువ నీళ్లు తాగి పెరిగినవాడు. మా ఊరి మాటలు, మొక్కులు ఆయనకు నవ్వులాటగా ఉండేవి. మనిషి మాత్రం మంచివాడు. బడికి సున్నం, రంగులు మంజూరైతే, వరండా గోడ మీద ప్రపంచంలోని వింత జంతువులు వేయిస్తానన్నాడు. "పులి, ఏనుగు అన్ని బళ్లల్ల ఉన్నయి. మన పిల్లలు ఎవలూ చూడనియి చూడాలె" అన్నాడు. తన ఫోన్‌లో ఒక్కొక్కటి వెతికి చూపించాడు. మా అందరి తలలు ఆ ఫోన్ మీద పడి వెలుతురు ఆగిపోయేది.

బొమ్మలు వేయడానికి వచ్చినాయన ముసలివాడు. మేం తాతా అని పిలిచేవాళ్లం. బోనాలకు ముందు ఊరూరా తిరిగి పోచమ్మకు, మైసమ్మకు రంగులు వేయడం ఆయన పని. ఇలాంటి జంతువులను ఎన్నడూ వేసినవాడు కాదు. ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "దేవుడు పని ఎక్కువైనప్పుడు చేసినట్టున్నడు ఇయ్యన్ని" అన్నాడు. వారం రోజుల్లో ఆరు జంతువులు గోడ మీదికి వచ్చాయి. తడి సున్నం వాసన, రంగు డబ్బా వాసన కలిసి ఆ వారం మాకు అన్నం కూడా రంగు వాసనే వేసింది.

మేం వాటికి మా పేర్లు పెట్టుకున్నాం. చెట్టుకు వేలాడుతూ రోజంతా నిద్రపోయే స్లాత్‌కు మా చిన్నాయన పేరు పెట్టాం, ఆయన కూడా పనికి పిలిస్తే అట్లాగే కదిలేవాడు. నీళ్లలో ఉండి నవ్వే గులాబిరంగు ఆక్సొలోటల్ మాకు నవ్వులబల్లి. ముక్కు సాగిన టాపిర్ మూతిపంది. గుర్రంలా ఉండి కాళ్లకు మాత్రమే చారలున్న ఒకాపికి ఎవరో సాక్సులు తొడిగి మిగతా బట్టలు మర్చిపోయారని నవ్వుకున్నాం. అయిదోది అలుగు. అవ్వ వచ్చి గోడ చూసి ఆ ఒక్కదాన్నే గుర్తుపట్టింది. "గిది మన గుట్టదే గదరా! ఒళ్లంత పెంకులు. కట్టెతోని ముడితే ఉండ చుట్టుకునేది. దానికి ఊరేదో దేశమేదో రాస్తరా, మనదని రాయుండ్రి" అని సారుతో తగువు పెట్టుకుంది.

ఆరోది అయ్‌అయ్. ఆఫ్రికా పక్కన ఏదో దీవిలో ఉంటుందట. పిల్లి అంత ఒళ్లు, గబ్బిలం చెవులు, చెదిరిన నల్ల వెంట్రుకలు, చేతి నడిమి వేలు మాత్రం పుల్లలాగా సన్నగా పొడుగ్గా ఉంది. ఆ వేలితో చెట్టు కొమ్మను టకటకా కొట్టి, లోపల పురుగు ఎక్కడుందో చప్పుడును బట్టి కనిపెట్టి, అదే వేలితో లాక్కుని తింటుందని సారు చెప్పాడు. బెంచీ మీద వేలితో కొట్టి చూపించాడు కూడా. "ఆ దేశపోళ్లకు ఇదంటే భయమట. ఎవల దిక్కు వేలు చూపిస్తే వాళ్లు బతకరంటరట. ఎక్కడికి పోయినా మూఢనమ్మకాలే చూడుండ్రి" అని నవ్వాడు. మేమెవరం నవ్వలేదు. అంత దూరం దేశంలో కూడా మా ఊరి వంటి మనుషులే ఉన్నారన్నమాట అనిపించింది నాకు. దానికి సన్నవేలుది అని పేరు పెట్టాం. అప్పుడు తమ్ముడు నా ఒళ్లోనే ఉన్నాడు.

అన్నీ అయ్యాయి, కండ్లు మిగిలాయి. తాత ఆరింటికీ కండ్ల జాగాలో తెల్లగా వదిలేసి, బ్రష్షు కడిగి, ఒక నల్ల కోడిని తెమ్మన్నాడు.

మా దగ్గర అమ్మవారికి కండ్లు దిద్దడం చివరి పని. ఆ పూట ఎదురుగా ఎవరూ నిలబడరు. దిద్దేవాడు కూడా పక్కకు కూర్చుని దిద్దుతాడు. ముందర ఒక కోడిని కట్టేసి, అయ్యాక కోస్తారు, లేదంటే అద్దం పెడతారు. తెరుచుకున్న కండ్ల మొదటి చూపు మనిషి మీద పడకూడదు. దేవతకు చేసే పద్ధతి ఈ అడవి జంతువులకు ఎందుకని సారు వాదన. కండ్లు కండ్లే అని తాత వాదన.

"బడిల కోడిని కోసుడేందయ్యా? ఎవలన్న ఫోటో తీసి పంపితే నా నౌకరీ పోతది."

"కొయ్యకుండ్రి సారు. ముంగట కట్టేసి, అయినంక ఇడిసిపెట్టుండ్రి."

"ఇడిసిపెడితే ఆ కోడి ఎవలింటికి పోతది?" అని అక్కడే ఉన్న మా అవ్వ అడిగింది.

తాత ఆమె వైపు చూశాడు. "ఎవలదైతే వాళ్లింటికే. దాని ఎంబడి సూపు గూడ పోతది."

ఇంక కోడినిచ్చేవాళ్లెవరు? కోసుకుని తినేదుంటే పదిమంది ముందుకు వచ్చేవాళ్లు. విడిచిపెట్టేదని తెలిశాక అందరికీ ఇంట్లో పని గుర్తుకొచ్చింది. అద్దంలోనూ చూపు ఉండిపోతుందని ఇంట్లోది ఎవరూ ఇవ్వలేదు. తాత సంచి సర్దుకున్నాడు. "కండ్లు లేనన్ని దినాలు అయి గోడ మీది రంగులే. ఫికర్ లేదు" అని చెప్పి, మిగిలిన నల్లరంగు డబ్బాను వరండా కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నాతో ఒక మాట అన్నాడు. ఆ వారమంతా నేను ఆయన పక్కనే కూర్చుని బ్రష్షులు అందించాను, ఒకటి రెండుసార్లు ఒకాపి చారలు నాతో గీయించాడు. "నీ చెయ్యి వణకదు బిడ్డా" అన్నాడు. పదేళ్ల పిల్లకు అది చాలు, పాడైపోవడానికి.

నెల రోజులు ఆ గుడ్డి జంతువుల కిందే చదువుకున్నాం. మధ్యాహ్నం గోడ నీడలో ఊరి మేకలు ఎప్పటిలాగే వచ్చి పడుకునేవి. ఆరు ముఖాలు మా నెత్తి మీదుగా ఎటు చూస్తున్నాయో తెలిసేది కాదు. అలవాటైపోయింది. అప్పుడొక శనివారం, సోమవారం పెద్దాఫీసరు వస్తున్నాడని సారుకు ఫోన్ వచ్చింది. గోడ చూసి తల పట్టుకున్నాడు. "సోమవారం పొద్దుగాల వచ్చి నేనే రెండ్రెండు చుక్కలు పెడత" అన్నాడు. సారు చేతిరాతే కోడి గెలికినట్టుండేది. అటువంటి చేతితో వాటి కండ్లు పాడవుతాయని నాకు ప్రాణం ఒప్పలేదు. జాలిపడి చేశానని చెప్పుకుంటే ఇప్పుడు బాగుంటుందిగాని, జాలి కాదు. నా చెయ్యి వణకదని అందరికీ తెలియాలని.

ఆదివారం అమ్మ పత్తికి పోతూ, "తమ్ముని ఎండల తిప్పకు" అని చెప్పింది. అవ్వ కొట్టంలో కాలు విరిగిన గొర్రెపిల్లకు కట్టు కడుతోంది. మేం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. నేను అమ్మ దువ్వెన పెట్టెలోంచి చేతి అద్దం తీసి లంగాలో దోపుకుని, తమ్ముణ్ణి చంకనెత్తుకుని బడికి పోయాను. మిట్టమధ్యాహ్నం, ఊరంతా పత్తి చేలల్లో ఉంది. వరండాలో మా ఇద్దరి ఊపిరి మాకే వినిపించింది.

నాకు పద్ధతి తెలుసు. నేను పక్కకు కూర్చుంటాను, తమ్ముడు బొమ్మ ముందు అద్దం పట్టుకుంటాడు. అద్దం వెనక వాడి ముఖం దాగిపోతుంది, చూపు అద్దంలోనే ఆగిపోతుంది. అంత తెలివిగా ఆలోచించాననుకున్నాను. వేపపుల్ల కొన నమిలి మెత్తగా చేసి రంగులో ముంచాను. స్లాత్‌కు పెట్టాను. టాపిర్‌కు, ఒకాపికి పెట్టాను. నవ్వులబల్లికి రెండు చుక్కలే, ఇట్టే అయిపోయింది. అలుగుకు చిన్న కండ్లు. ఒక్కొక్కదానికి కండ్లు రాగానే అది అంతకుముందు అక్కడ లేనట్టు, ఇప్పుడే వచ్చి నిలబడ్డట్టు ఉండేది. అయినా ఆపాలని అనిపించలేదు. తమ్ముడు బుద్ధిగా అద్దం పట్టుకుని నా వెంట జరుగుతూ వచ్చాడు.

సన్నవేలుదాని కండ్లు పెద్దవి, గుండ్రటివి. ఎక్కువసేపు పట్టింది. రెండో కంటి నడుమ చుక్క పెట్టి పుల్ల తీస్తుండగా, వాడి దగ్గరినుంచి అలికిడి లేదని గమనించాను. తిరిగి చూస్తే అద్దం వాడి ఒళ్లో బోర్లా ఉంది. చేతులు నొప్పి పుట్టి దించేశాడు. ముఖమెత్తి దాన్నే చూస్తున్నాడు.

"అక్కా, అది నన్ను సూస్తాంది" అన్నాడు, మెల్లగా, దానికి వినపడకూడదన్నట్టు.

అద్దం లంగాలో దోపుకుని, వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తాను. దారి పొడుగునా వాడు నా భుజం మీదుగా వెనక్కే చూశాడు. నేను తల తిప్పితే ఏం కనిపిస్తుందోనని తిప్పలేదు.

ఆ సాయంత్రానికే వాడి ఒళ్లు కాలిపోయింది. సోమవారం ఆఫీసరు వచ్చి గోడ చూసి మెచ్చుకున్నాడట. కండ్లు ఎవరు పెట్టారో తెలియకపోయినా సారు ఆ మెప్పును తీసుకున్నాడు. ఆ రోజునుంచి మేకలు వరండా నీడకు రావడం మానేశాయి. ఎండలో, బోరింగు దగ్గర నిలబడేవి. సారే ఆదివారం కోడి లేకుండా కండ్లు దిద్దాడని ఊళ్లో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది.

తమ్ముడికి గోలీలు వేసినా జ్వరం దిగలేదు. మూడో రోజు వాడు కుడిచేతి నడిమి వేలితో మంచం కోడును కొట్టడం మొదలుపెట్టాడు. టక్ టక్ టక్. కాసేపు ఆగి వినేవాడు. మళ్లీ కొట్టేవాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపితే ఆగేవాడు, వదిలితే మళ్లీ మొదలు. ఏ పక్కకు పడుకోబెట్టినా ముఖం బడి దిక్కుకే తిప్పుకునేవాడు. నాయిన అప్పటికే మంద వెంట పోయాడు, అమ్మే వాణ్ణి ఆటోలో దేవరకొండ దవాఖానకు తీసుకుపోయింది. నేను అవ్వతో మిగిలాను.

కొట్టంలో గొర్రెపిల్లల మీద గంపలు బోర్లించి ఉన్నాయి. అవ్వ ఒక పిల్లకు సీసాతో పాలు పడుతోంది. నేను ఆమె పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. పాలు అయిపోయేదాకా ఆమె చెయ్యి కదలలేదు.

"అద్దం వాని చేతుల్లనే ఉండెనా?"

"ఉండె. ఆఖరుకు దించిండు."

"నువ్వు?"

"పక్కకున్న."

"మీ అమ్మకు చెప్పినవా?"

"లే."

"చెప్పకు" అంది. పిల్లను గంప కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "నడువు."

నన్ను వరండా బయటే ఆపి, తను పోయి సన్నవేలుదాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అప్పటికే అవ్వ కండ్లలో పొర వచ్చి ఉంది, దగ్గరి మనిషిని కూడా మసగ్గా చూసేది. గొర్రెతో మాట్లాడినట్టే మాట్లాడింది దానితో. "ఏ దేశమో నీది, ఏం తింటవో నాకెరుక లేదు. వాడు మూడేండ్ల పోరడు, వానితోని నీకేం పని? ఇటు సూడు. నన్ను సూడు. నీకేం గావాల్నో నాతాన తీస్కో." తర్వాత మాటలు లేవు. ఎండ వరండా ఎక్కి, ఆమె ఒళ్లోకి వచ్చి, దిగిపోయేదాకా అట్లాగే కూర్చుంది. నాకు భయం వేసి అవ్వా అని పిలిచాను. పలకలేదు. ఒకసారి గోడ దగ్గరినుంచి టక్ టక్ మని వినిపించింది. బల్లి కావచ్చు. కిటికీ రెక్క కావచ్చు. అవ్వ మాత్రం తలూపింది.

మర్నాడు అమ్మ బట్టల కోసం ఇంటికి వచ్చింది, దవాఖానలో పిల్లవాణ్ణి మా మేనత్తకు అప్పగించి. ఆదివారం దిద్దిన కండ్ల గురించి ఊరి మాటలు దారిలోనే ఆమె చెవిన పడ్డాయి. గడపలో నిలబడి, ముందు నన్ను చూసింది. "ఆదివారం తమ్ముని బడికాడికి ఎవలు తీస్కపోయిండ్రు?"

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

"నేనే" అంది అవ్వ, నా వెనకనుంచి. "పిల్లగాండ్లు గోడ గోడ అంటుంటే సూద్దామని పోయిన. ఎత్తుకోని నేనే సూపిచ్చిన."

"అత్తా, కండ్లు దిద్దిన ముంగట పిల్లగాన్ని పెడితివా? నీకు ఎరుక లేదా?"

"ఎరుకే. బుద్ధి తక్కువై చేసిన."

అమ్మ బట్టల మూట భుజాన వేసుకుంది. "వాడు బతికి ఇంటికొస్తే, ఇగ నువ్వు వాన్ని ముట్టొద్దు" అని చెప్పి పోయింది.

వాడు బతికి వచ్చాడు. అయిదు రోజులు గ్లూకోజు ఎక్కించారు. అది డెంగీ అని నాకు ఇప్పుడు తెలుసు. ఆ నెలలో మా దిక్కున ఇంటికొకరు పడ్డారు. వేలితో కొట్టడం సారును చూసి నేర్చుకున్నదని కూడా తెలుసు. అవ్వ చూపు ఆ చలికాలమే పూర్తిగా పోయింది, అది శుక్లాలని కూడా తెలుసు. కంటి క్యాంపు వాళ్లు ఇంటికే వచ్చారు, చిన్న ఆపరేషను, పైసా ఖర్చు లేదు అన్నారు. అవ్వ ససేమిరా ఒప్పుకోలేదు. నాయిన బతిమిలాడాడు. "ఇచ్చినంక మల్ల అడుగుతరా ఎవలన్న?" అంది. ముసలామె మతిలేని మాటలని క్యాంపు వాళ్లు నవ్వుకుంటూ పోయారు. నాకొక్కదానికే అర్థమైంది. అర్థమై కూడా ఊరుకున్నాను.

అమ్మ పట్టుబడితే సారు గోడకు తెల్లసున్నం కొట్టించాడు. మొదటి వానకే ఆరు జతల కండ్లు సున్నంలోంచి మళ్లీ తేలాయి. జంతువులు రాలేదు, కండ్లే వచ్చాయి. సున్నం కింద నూనె రంగు ఆగదు, అంతే. మరో రెండేళ్లకు పిల్లలు లేక బడి మూతపడింది. దేవరకొండ బడులకు ఆటోలు వచ్చాయి. గొర్రెలు అమ్ముకుని కొందరు హైదరాబాదుకు పోయారు. నాయిన కూడా మందను తెగనమ్మి సిమెంటు ఫ్యాక్టరీలో చేరడానికి మేళ్లచెరువు పోయాడు. ఆ కొట్టంలో అవ్వ ఒక్కతే పడుకునేది.

అవ్వ పోయేదాకా అమ్మ అన్న మాట తప్పలేదు. ఆరేళ్లు. తమ్ముడు కొట్టం దిక్కు పోతే వెనక్కి పిలిచేది. వాడు ఆడుకుంటుంటే అవ్వ చెవి అటు పెట్టి, అడుగుల చప్పుడు వింటూ కూర్చునేది. కొంగున సీతాఫలం మూటగట్టుకోవడం మాత్రం మానలేదు. మెత్తబడి కారిపోయాక నాకిచ్చేది. నేను తినేదాన్ని. ప్రతి పండుతో రేపు అమ్మకు చెబుతాను అనుకునేదాన్ని. హాస్టలుకు పోయాను, ఇంటరులో చేరాను, రేపు రాలేదు. అప్పటికి అవ్వ అబద్ధం బయటపెడితే అవ్వకే కష్టమని నాకు నేను చెప్పుకునేదాన్ని. అబద్ధం. అమ్మ నన్ను చూసే చూపు మారిపోతుందని భయం.

అవ్వ చివరి రోజుల్లో నేను హాస్టలు సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. తమ్ముడు కొట్టం తలుపు దగ్గర నిలబడితే అవ్వ గుర్తుపట్టింది. "వాడేనా? ఎంతున్నడే? ఎవని పోలిక వచ్చిండు?" అని నన్ను అడిగింది. నీ ముక్కే అవ్వా అన్నాను. ఆమె చెయ్యి చాపింది. వాడు నా వైపు చూసి, "అమ్మ తిడుతది" అని వెనక్కి జరిగాడు. చాపిన చెయ్యి కాసేపు గాలిలో ఉంది. నేను నా చెయ్యి పెట్టాను. మమ్మల్ని తన చేతులతో పెంచిన మనిషి, అది ఎవరిదో ఆమెకు తెలియకుండా ఉంటుందా? అయినా వదలకుండా, వాడిదే అన్నట్టు నిమిరింది.

మొన్న ఆ మంచం లాగిన సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇది రాయడం అయ్యాక పోయి చెబుతాను. వాడికి ఇప్పుడు పదిహేనేళ్లు. ఆ గోడ, అద్దం, జ్వరం, దవాఖాన ఏదీ వాడికి గుర్తు లేదట.

"మరి అవ్వ?" అని అడిగాను. "అవ్వ నిన్ను మూడేండ్లు కిందికి దించలేదు, అది?"

"అవ్వ యాదికుంది అక్కా. నన్ను చంపబోయిన మనిషని యాదికుంది."